తాంబూలంలో సినిమా

తాంబూలంలో పెన్‌డ్రైవ్ పెట్టి ఇచ్చిన మొదటి ఆడమనిషి ఆళ్లగడ్డలో సుబ్బలక్ష్మే అయి ఉంటుంది. వరలక్ష్మీ వ్రతానికి అందరూ ప్లాస్టిక్ డబ్బాలూ స్టీలు గిన్నెలూ ఇచ్చీ ఇచ్చీ, ఏ ఇంటి అటకమీద చూసినా అవే డబ్బాలు, అవే గిన్నెలు. నంద్యాలలో ఇంజనీరింగు చివరి ఏడాది చదువుతున్న కొడుకు మహీధర్ చెప్పిన ఉపాయం ఇది. “అమ్మవారి పాటలు, అష్టోత్తరం, మంగళహారతులు అన్నీ దాంట్లో ఎక్కించిస్తా మా. టీవీకి పెట్టుకుంటే పొద్దస్తమానం పాడుతాంటాది,” అన్నాడు. బస్టాండు దగ్గర కొండయ్య అంగట్లో ఖాళీ పెన్‌డ్రైవ్‌లు కొని కొడుక్కిచ్చింది. వాడు పాటలు ఎక్కించి, వ్రతం ముందురోజు బస్సులో పంపాడు. ఒక్కోదాన్నీ పసుపురంగు గుడ్డసంచిలో వేసి, తమలపాకులు, వక్క, నానిన శనగలు, రవికెగుడ్డతో కలిపి పేరంటాళ్ల చేతుల్లో పెట్టింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ శుక్రవారం సుబ్బలక్ష్మికి దిగులు పడడానికి ఏమీ దొరకలేదు. అదే ఆమెకు దిగులైంది. ఏమీ జరగకుండా ఇంత బాగా ఎట్లా గడిచింది అనుకుంటూ, గ్యాసు కట్టేసిందో లేదో మళ్లీ ఒకసారి చూసి వచ్చి పడుకుంది.

మర్నాడు పొద్దున వాకిట్లో కూర్చుని చాటలో కందిపప్పు చెరుగుతుంటే, పక్కింటి నాగజ్యోతి గోడమీద మోచేతులు ఆనించి పలకరించింది.

“సుబ్బక్కా, బలే పని చేసినావు పో. ఉత్త పాటలే అనుకుంటి. మంగళహారతి అయిపోతానే సినిమా మొదలాయ! మా ఆయన కంచం ముందర అన్నం ఆరిపోయినా కదల్లేదు.”

“ఏం సినిమా?”

“ఏం సినిమా అంటావేంది, ఏం తెలీనట్టు! మన టాకీసులో మొన్ననే వేసినారే, అది. టికెట్లు దొరకలేదని మావోడు అలిగి పడుకున్యాడు. ఇంట్లోనే చూపిస్తివి.”

చాట సుబ్బలక్ష్మి చేతుల్లో ఆగిపోయింది. ఎగిరిన పప్పు సగం కిందపడింది. కొత్త సినిమాను దొంగతనంగా దింపినవాళ్లను పట్టుకున్నారని, ముఖాలకు గుడ్డలు కప్పి జీపు ఎక్కించారని టీవీలో ఎప్పుడో చూసింది. ఆ గుడ్డ కింద ఎవరి పిల్లవాడున్నాడో అని ఆ పూట అన్నం సయించలేదు. ఇప్పుడు ఆ గుడ్డ కింద మహీ చొక్కా కనిపించింది. తాంబూలం పుచ్చుకున్నవాళ్లంతా ఒక్కొక్కరే కళ్లముందు వరుసగా కూర్చున్నారు. అందరికన్నా ముందు, పెద్దావిడని పీటవేసి కూర్చోబెట్టి కాళ్లకు పసుపు రాసింది ఎవరికి? ఉమామహేశ్వరమ్మకు. ఆమె మొగుడు గురుస్వామి. ఊళ్లో టాకీసు నడిపేది ఆయనే.

సుబ్బలక్ష్మి చాట పక్కన పెట్టి గోడ దగ్గరికి పోయింది.

“జ్యోతీ, అది... పాటలు సరిగ్గా పలకడంల్యాదంట. మావోడు చెప్పినాడు. ఇట్లియ్యి, మార్చిస్తా.”

“బాగనే పలుకుతాండాయి గద.”

“కొన్నాళ్లకు ఆగిపోతాయంట.”

నాగజ్యోతి మోచేతులు తీసి నిలబడింది. “ఏం మాటలక్కా ఇవి? తాంబూలంలో ఇచ్చింది మళ్లీ నీ చేతిలో పెడితే, నా ఇంటి లక్ష్మిని నేనే తోలుకొచ్చి నీకప్పజెప్పినట్టు కాదా? ఇచ్చేటప్పుడు ఇస్తివి, మళ్లా అడిగే ఆడమనిషిని నిన్నే చూస్తాండా. ఆగిపోతే పోనీలే. అటకమీద పెట్టుకుంటా గానీ ఇయ్యను.”

ఆ మాట నిజమే. ఎవరింటికి పోయినా ఇదే చెబుతారు. నోరు తెరిచి అడిగితే, ఎందుకు అడుగుతోందని ఇంకో పదిమంది పెట్టి చూస్తారు. కిందపడిన పప్పు ఏరుకుంటూ కూర్చుంది. ఒక్కో బద్ద వేలికి అందడం లేదు. మొగుడు వెంకటేశ్వర్లు అంగడికి శనగలు కొనడానికి కోయిలకుంట్ల పోయాడు, మంగళవారానికి గానీ రాడు. ఫోన్ చేసి చెబుదామనుకుంది. ఫోన్లో మాటలు ఎవరైనా వింటారేమోనని మానుకుంది.

*

ఆదివారం పొద్దున నంద్యాల బస్సెక్కింది. ఒళ్లో టిఫినుడబ్బా, డబ్బాలో నెయ్యి రాసిన భక్ష్యాలు. రోడ్డు పక్క శిల్పాల షెడ్లు తెల్లటి రాతిపొడిలో వెనక్కి పోయాయి. శిరివెళ్ల దగ్గర ఒక కానిస్టేబులు బస్సెక్కి ఆమె ముందు సీట్లో కూర్చున్నాడు. ఆయన టోపీ తీసి తొడమీద పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. నంద్యాల దిగేదాకా సుబ్బలక్ష్మి ఆ టోపీ మీదనుంచి చూపు తిప్పలేదు.

నూనెపల్లెలో మేడమీద గది. మహీ మంచంమీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. దాని కింద దూదిమెత్త, పక్కన టేబుల్‌ఫ్యాను. గోడ మేకుకు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేలాడుతోంది. వచ్చే నెల కాలేజీకి కంపెనీలు వస్తున్నాయి, దానికోసం కొన్న చొక్కా. జరిగింది వినగానే వాడు నాలిక కరుచుకున్నాడు, వెంటనే నవ్వాడు.

“పాటల ఫోల్డరంతా ఒక్కసారి లాగి వేసినా మా. సినిమా గూడా దాంట్లోకే దిగిందని చూసుకోలేదు.”

“దిగిందంటే? ఎవరు దింపినారు?”

“నేనే.”

“యాడ్నుంచి?”

మహీ భక్ష్యం తుంచి నోట్లో వేసుకున్నాడు. “దండిగా దారులుండాయి మా. గ్రూపుల్లో లింకులు పెడతారు, నొక్కితే దిగుతాది. సైట్లుండాయి, ఈ పొద్దు మూసేస్తే రేపు ఇంకో పేరుతో తెరుస్తారు. అన్నిటికన్నా తొందరగా దిగేది టొరెంటు. ఇట్రా, చూడు.”

తెరమీద వరుసగా పేర్లు. పాటలు, సినిమాలు, ఏవేవో. ఒక్కో పేరు పక్కన పచ్చటి గీత కొంచెం కొంచెంగా జరుగుతోంది.

“సినిమా ఒకరి దగ్గరే ఉండదు మా. ముక్కలు ముక్కలుగా ఊరూరా ఉంటాది. నీ దగ్గరుండే ముక్క నాకిస్తావు, నా దగ్గరుండేది నేను ఇంకొకరికిస్తా. అన్నీ చేరితే సినిమా. మనకు దిగినాక గూడా కొన్నాళ్లు అట్లే పెట్టి అందరికీ ఇయ్యాల. అది మర్యాద. మీ పేరంటం మాదిరే అనుకో.”

“పేరంటానికి పోలీసోళ్లు రారు గదరా.”

వాడు పగలబడి నవ్వాడు. ఆమె నవ్వలేదు. తెరకు దగ్గరగా వంగి ఆ గీతను చూస్తోంది.

“అయితే నువ్వు కాలేజీలో ఉన్నా, నిద్రపోతాన్నా, అది ఇస్తానే ఉంటాదా? ఎవరికి?”

“ఎవరికో. మనకేం తెలుస్తాది?”

“వాళ్లకు నువ్వెవరో తెలుస్తాదా?”

వాడు టేబుల్‌ఫ్యాను ల్యాప్‌టాప్ వైపు తిప్పాడు. “తెలుసుకోవాలనుకుంటే నంబరొకటి కనపడతాది. ఎవరు చూస్తారు మా? కాలేజీలో అందరూ ఇదే చేస్తాండారు. అందర్నీ పట్టుకుంటే జైళ్లు సాలవు.”

“అందర్నీ పట్టుకోరు నాయనా. ఒకర్ని పట్టుకుంటారు.”

“అబ్బ, నీతో ఇదే. జలుబు చేస్తే ఊపిరితిత్తులు పోయినాయంటావు.”

“దుడ్లిచ్చి చూసేవి లేవా?”

“ఉండాయి. పాటలకైతే ఊరికే వినేవి గూడా ఉండాయి, ఎవరూ ఏమనరు. కొత్త సినిమా మాత్రం టాకీసులో ఆడుతాండంగా అట్లాంటి వాటిల్లోకి రాదు. కొన్నాళ్లు ఆగల్ల.”

“ఆగలేకపోతివా?”

మహీ వేళ్లకంటిన నెయ్యి లుంగీకి తుడుచుకుని, ఆమె చూస్తుండగానే ఆ పేర్లన్నీ ఒక్కొక్కటే తీసేశాడు. మూత వేశాడు. సుబ్బలక్ష్మి ఆ మూత మీద చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా ఉంది. లోపల ఇంకా ఏదో జరుగుతున్నట్టే అనిపించింది. పోయేముందు మేకుకున్న తెల్లచొక్కాను తీసి, దుమ్ము పడకుండా పాత దుప్పటిలో చుట్టి పెట్టె మీద పెట్టింది.

*

సోమవారం రాములమ్మ పనికి ఆలస్యంగా వచ్చింది. అంగడికి వచ్చే సరుకును ఇంట్లో చెరిగి, రాళ్లు ఏరి సంచులకు ఎత్తేది ఆమే. కొండయ్య పెళ్లాం. వచ్చీరాగానే చాట తీసుకుంది గానీ కూర్చోలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

“శెట్టెమ్మా, మా ఆయన్ను తీసకపోయినారు.”

“ఎవరు?”

“పోలీసోళ్లు. గురుస్వామి శెట్టి మనిషి కూడా వచ్చినాడు. కొత్త సినిమా ఎక్కించి అమ్ముతాండావంట గదా అని, కంప్యూటరు, పెట్టెలు, అన్నీ జీపులో వేసుకున్యారు. ‘నేను ఖాళీవి అమ్మినా సార్, కొనుక్కున్నోళ్లు దాంట్లో ఏం వేసుకుంటారో నాకేం తెలుసు’ అని ఈయన మొత్తుకుంటానే ఉండాడు. బస్టాండులో అందరి ముందర చెంపమీద కొట్టినారమ్మా. ఎవుర్నీ ఒక మాట అనని మనిషి.”

సుబ్బలక్ష్మి శనగల రాశిలో చేతులు పెట్టి కూర్చుంది. చల్లటి గింజలు మణికట్టు దాకా కప్పేశాయి.

“మీరు తాంబూలానికి కొన్నవి గూడా ఆయన దగ్గరివే గద,” అంది రాములమ్మ. “వాట్లో అట్లాంటిదేం లేదు గద శెట్టెమ్మా? మీరొచ్చి ఆ మాట చెప్పినా చాలు. మీ మాటంటే ఇంటారు.”

“లేదు,” అంది సుబ్బలక్ష్మి. అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది ఆ మాట. “దాంట్లో ఏముంటాది? పాటలే.”

రాములమ్మ తల ఊపింది. నమ్మింది. అప్పుడు కూర్చుని చెరగడం మొదలుపెట్టింది. చాట ఎగరేసినప్పుడల్లా పొట్టు సుబ్బలక్ష్మి ఒళ్లో పడుతోంది. దాన్ని దులుపుకోవడానికి కూడా ఆమె చేతులు శనగల్లోనుంచి తియ్యలేదు. కాసేపటికి లేచి, పెరట్లోకి పోయి మహీకి ఫోన్ చేసింది.

నిన్న జైళ్లు చాలవని నవ్వినవాడి గొంతు సన్నగా అయిపోయింది. “నా పేరు చెప్పినావా మా? ఎవరికన్నా చెప్పినావా? చెప్పద్దు. నీ కాళ్లు పట్టుకుంటా. కేసయితే కాలేజీలో తెలిసిపోతాది, ఏ కంపెనీవాడూ లోపలికి రానియ్యడు.”

“కొండయ్యన్నను కొట్టినారంట రా.”

“సాయంత్రానికి వదిలేస్తారు. ఆయన కంప్యూటర్లో ఎట్లాగూ పాత సినిమాలు ఉంటాయి మా. ఎప్పుడో ఒకసారి పట్టుకునేవాళ్లే గద. మనకేం సంబంధం? గమ్మునుండు, అంతే.”

ఆమె ఫోను పెట్టేసింది. మహీ పుట్టినప్పటినుంచీ వాడికి ఏమవుతుందో అన్నీ అనుకుంది. నీళ్లల్లో పడతాడని, కరెంటు తగులుతుందని, బండిమీదనుంచి పడతాడని, చెడ్డ స్నేహాలు పట్టుకుంటాయని, పరీక్ష పోతే ఏదైనా చేసుకుంటాడని. ఇన్నేళ్లలో ఈ ఒక్కటి అనుకోలేదు.

చెప్పులేసుకుని ఉమామహేశ్వరమ్మ ఇంటికి పోయింది. ఆమె హాల్లో దీవాను మీద మోకాళ్లకు తైలం రాసుకుంటోంది. టీవీకి పక్కన పసుపురంగు గుడ్డసంచి ఖాళీగా ఉంది.

“రామ్మా రా. నువ్వొస్తావని తెలుసు,” అని గొంతు తగ్గించింది. “మా మనవడు పెట్టినాడు. నేనూ చూస్తాంటిని, ఈ మోకాళ్లతో మన టాకీసు మెట్లెక్కి ఎన్నాళ్లాయనో. ఇంతలో ఆయనొచ్చినాడు. తన టాకీసులో ఆడే బొమ్మ తన హాల్లో ఆడుతాంటే ఎట్లుంటాది చెప్పు! యాడిది ఇది అని అరిచినాడు. బస్టాండులో కొండయ్య దగ్గర కొనిపిచ్చినా అని చెప్పేసినా.”

“అట్లెందుకు చెప్పినావక్కా?”

“ఎందుకంటావేందే? నీకోసరం! నా కాళ్లకు పసుపు రాసి ఇచ్చినదాని పేరు పోలీసులకు చెప్తే నాకు పుట్టగతులుంటాయా? మన కులపోళ్ల బిడ్డ, రేపో మాపో ఉద్యోగమొచ్చేవాడు. ఆ కొండయ్య అంగట్లో అన్నీ అట్లాంటివేనంట. వానికి ఇదేమన్నా కొత్తా?” ఆమె సుబ్బలక్ష్మి చెయ్యి పట్టుకుని నొక్కింది. చేతికి తైలం అంటింది. “నిమ్మళంగా ఇంటికి పో. నేనుండాను గద.”

*

పోలీస్‌స్టేషనుకు పోయే దారిలో రెండుసార్లు మహీకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. స్టేషను గేటు బయట నిలబడి, ఫోనును నోటి దగ్గర పెట్టుకుని, వాడే నేర్పించినట్టు బొత్తాము నొక్కి పట్టి మాటలు పంపింది.

“మహీ, స్టేషనుకొచ్చినా. నేనే ఎక్కించినానని చెప్తా. నీ పేరు రానియ్యను. నువ్వేం భయపడద్దు. మధ్యాన్నం అన్నం తిను.”

లోపల కొండయ్య గోడకు ఆనుకుని నేలమీద కూర్చున్నాడు. చొక్కా పైగుండీలు రెండూ లేవు. పక్కన అతని కంప్యూటరు, దానిమీద ‘పాటలు ఎక్కించబడును’ అని రాసిన అట్ట. కుర్చీలో గురుస్వామి టీ తాగుతున్నాడు. ఎస్సై లేడు. బల్ల వెనక నెరిసిన మీసాల హెడ్డుకానిస్టేబులు ఉన్నాడు.

“ఏమ్మా సుబ్బలక్ష్మీ, ఈడికెందుకొచ్చినావు?” అన్నాడు గురుస్వామి. “ఇంట్లో ఏమన్నా పోయిందా?”

ఆమె బల్ల అంచు పట్టుకుంది. “ఆ సినిమా ఉండేది నేనిచ్చినదాంట్లో అన్నా. మీ ఇంట్లోది నా తాంబూలంలోది. కొండయ్యన్న ఖాళీవే అమ్మినాడు.”

గురుస్వామి టీగ్లాసు కింద పెట్టాడు. ముఖం ఎర్రబడింది. ఎవరిమీద కోపమో ఆయనకే తేలినట్టు లేదు. లేచి ఆమెను వరండాలోకి రమ్మని, అక్కడ గొంతు మార్చాడు.

“నువ్వేం మాట్లాడుతాండావో తెలుస్తాందా నీకు? వెంకటేశ్వర్లుకు తెలుసా నువ్వొచ్చినట్టు? పోమ్మా ఇంటికి. తెలియక జరిగిందనుకుంటా. మన ఇళ్ల పేర్లు బజార్లోకి ఎందుకు? ఆ కొండయ్య రెండు దినాలుండి పోతాడు.”

“వాడెందుకుండల్ల అన్నా?”

సుబ్బలక్ష్మి తిరిగి లోపలికి పోయి బల్ల ముందు నిలబడింది.

“ఎక్కించింది నేనే సార్. రాసుకోండి.”

హెడ్డుకానిస్టేబులు ఆమెను, ఆమె కాళ్ల చెప్పులను, చేతిలో ఉన్న పాత ఫోనును చూశాడు. నవ్వు ఆపుకుంటున్నాడు. “మీరా? ఎట్లా దింపినారమ్మా?”

“టొరెంటులో.”

“అబ్బో. అంటే?”

“ముక్కలు ముక్కలుగా వస్తాది సార్. ఒకరి దగ్గరే ఉండదు, ఊరూరా ఉంటాది. పచ్చగీత జరుగుతాంటాది. మనకు దిగినాక గూడా ఇంకొకరికి ఇయ్యాల. అది మర్యాద.”

ఆయన మీసాల కిందనుంచి నవ్వు పోయింది. కలం మూత తీయబోయి ఆగాడు. “ఆ గీత రాకముందు ఏం నొక్కినారు?”

సుబ్బలక్ష్మికి ఏమీ తోచలేదు. వాడు భక్ష్యం తింటూ ఏదో నొక్కాడు. ఏదో.

“పిల్లలెంతమందమ్మా మీకు?” అన్నాడాయన మెల్లగా.

గోడ దగ్గర కొండయ్య తలెత్తి చూస్తున్నాడు. గురుస్వామి వాకిట్లో నిలబడి ఎవరికో ఫోన్ చేస్తున్నాడు, బహుశా కోయిలకుంట్లలోని వెంకటేశ్వర్లుకు. అప్పుడు ఆమె చేతిలో ఫోను మోగింది. మహీ.

“మా.” వాడి వెనక ఒకటే మోత. ఎవరో చిల్లర లేదని అరుస్తున్నారు. “మా, ఏం చెప్పద్దు. నీకేం తెలుసని చెప్తావు? ఒక్క మాట అడిగితే దొరికిపోతావు. నేనొస్తాండా.”

“యాడున్నావురా?”

“బస్సెక్కినా. నీ మాటలు బస్సులోనే విన్నా. శిరివెళ్ల వచ్చె. ల్యాప్‌టాప్ గూడా తెస్తాండా. నేనే చెప్తా.” ఆ గొంతులో ఏడుపు ఉంది. “కొండయ్యను... ఇంకా కొడతాండారా మా?”

“లేదు నాయనా. కూచోనుండాడు.” ఆమె ఇంకేదో చెప్పాలనుకుంది. “చెయ్యి కిటికీ బయట పెట్టద్దు. లారీలొస్తాంటాయి,” అంది.

ఫోను పెట్టేసి కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఎవరమ్మా?” అన్నాడు హెడ్డుకానిస్టేబులు.

“నా కొడుకు సార్. ఎక్కించింది వాడే. శిరివెళ్ల దాటినాడు.”

ఆయన కలం బల్లమీద పెట్టి గడియారం చూశాడు. సుబ్బలక్ష్మి పోయి గోడవారనున్న బెంచీమీద కూర్చుంది. కాసేపటికి ఒక పక్కకు జరిగి, పక్కన చోటు చేసి, “ఈడ కూచోన్నా,” అంది.

కొండయ్య వాకిట్లో ఉన్న గురుస్వామి వైపు చూశాడు, బల్ల వైపు చూశాడు. ఎవరూ వద్దనలేదు. చెయ్యి నేలకు ఆనించి నిదానంగా లేచి, బెంచీ చివర కూర్చున్నాడు.